రంగుగుండ్ల యాటకు మఱల పోవువాడు ముందుగా కొనవలసినదేది?

ఆటలు రెండు తెగలు. చెడుగుడు, పరుగుపందెము మొదలగు వానికి ఆడువాని దేహమును కొంత ఖాళీస్థలమును చాలును. క్రికెట్టు, టెన్నిసు, బాడ్మింటను మొదలగు వానికి పనిముట్లు లేనిదే ఆట సాగదు. ఈ రెండవ తెగ యాటలలో దిగువారు సాధారణముగా నొక పొరపాటు చేయుదురు. పదుగురి కంటికి కనబడు వస్తువును ముందుగా కొందురు. తమ్ము కాపాడు వస్తువును మిగిలిన చిల్లరతో కొందురు. మేలైన బ్యాటు కొని, కాళ్లకు ప్యాడ్లు లేక ఆడు బాలురను మనమెల్లరము ఎఱుగుదుము.

అమెరికాలో పుట్టి ఇతర దేశములకు వ్యాపించిన పెయింటుబాల్ అను రంగుగుండ్ల యాటలో ఈ పొరపాటు మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. అందు పొదుపు చేయరాని చోట పొదుపు చేసినవాడు కన్నే పోగొట్టుకొనవచ్చును. కావున ఆ యాట స్వరూపమును, చాలయేండ్లు దానిని మాని మఱల మొదలుపెట్టువాడు తక్కువ వ్యయముతో పనిముట్లు ఏర్చుకొను విధమును ఇచ్చట వివరింతుము.

ఈ యాట పుట్టుక వింతయైనది. అడవిలో నఱకవలసిన చెట్లకును, మందలో వేఱుపఱచవలసిన పశువులకును దూరమునుండి రంగుగుర్తు వేయుటకు అమెరికాలో నొక చిన్న తుపాకి యుండెను. నెల్సన్ పెయింట్ కంపెనీ కొఱకు డెయిసీ కంపెనీవారు దానిని చేసిరి. దాని పేరు నెల్‌స్పాట్ 007. వైద్యులిచ్చు మందుగుళికల వలె జిలాటిను పొరలో రంగు నింపిన గుండు దానినుండి వెడలి, తగిలినచోట పగిలి మచ్చ వేయును. 1981 జూన్ 27వ తేదీన న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని హెన్నికర్ అను ఊరి చెంత 12 మంది ఈ తుపాకులను చేబూని యొక అడవిలో ప్రవేశించిరి. ఛార్లెస్ గెయిన్స్, హేస్ నోయల్, బాబ్ గర్న్‌సీ అను మిత్రులు ఏర్పఱచిన పందెమది. పట్టణమున బ్రతుకనేర్చినవాడు అడవినెఱిగినవాని యెదుట నిలువగలడా యను వాదము దానికి మూలము. ఇతరుల గుండు తనకు తగులకుండ కాచుకొనుచు, వేర్వేఱు చోట్ల నుంచిన జెండాలను కూర్చుకొని రావలెను. అడవిపనిలో ఆఱితేఱిన రిచీ వైట్ అను నతడు గెలిచెను. అతడు ఒక్క గుండైనను పేల్చలేదు! ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక; చివర దీనితో పనియున్నది.

ఇప్పుడీ యాటను రెండు పక్షములుగా చీలి ఆడుదురు. గుండు తగిలి మచ్చపడినవాడు ఆటనుండి తొలగవలెను. సాధారణముగా వాడు గుండు వ్యాసము 0.68 అంగుళము, అనగా సుమారు 17 మిల్లీమీటర్లు. బరువు సుమారు 3 గ్రాములు. దాని వేగము సెకండునకు 300 అడుగులు మించరాదని వాడుకలోనున్న నియమము. ఇంకను తగ్గించిన మైదానములును గలవు. సెకండునకు 300 అడుగులనగా గంటకు 200 మైళ్లకు పైమాట. వీపునకు తగిలిన నీలిమచ్చతో పోవును. కంటికి తగిలిన అట్లు కాదు. క్రికెట్టుబంతి పెద్దది గనుక కంటిగుంట చుట్టునున్న యెముక దాని దెబ్బను కొంత అడ్డగించును. ఈ చిన్నగుండు ఆ యెముకల నడుమకే సూటిగా పోయి కనుగ్రుడ్డును తాకును. లోపల రక్తము చిమ్మవచ్చును, కటకము తొలగవచ్చును, గ్రుడ్డు వెనుకనుండు చూపుతెర చిరుగవచ్చును. ఇట్లు కన్నులు పోగొట్టుకొన్నవారిలో అధికులు ఆ నిమిషమున ముసుగు ధరింపనివారే.

ఇక మన విషయమునకు వత్తము. అమెరికాలో నున్న యొకడు చదువుకొను దినములలో ఈ యాట ఆడి, ఉద్యోగము, సంసారము, బిడ్డలు అను పనులలో పది సంవత్సరములు దానిని మఱచి, ఇప్పుడు మఱల ఆడగోరి పాతపెట్టె తెఱచెననుకొందము. అందు తుపాకి, ముసుగు, గాలిబుడ్డి, గుండ్లు పోయు డబ్బా, కొన్ని పాతగుండ్లు ఉన్నవి. వాని దృష్టి మొదట తుపాకి మీద పడును. "ఇది పాతబడినది, క్రొత్తది కొనవలె" నని యెంచును. ముసుగును తుడిచి తలకు పెట్టుకొనును. ఇదియే తలక్రిందులైన లెక్క. పెట్టెలోని వస్తువులలో తుపాకియే నిదానముగా పాతబడునది. ముసుగు, బుడ్డి, గుండ్లు మనము వాడకున్నను చెడునవి. కావున సొమ్ము ఈ క్రమముననే వెచ్చింపవలెను.

మొదటిది ముసుగు. ఇది కన్నులనే గాక చెవులను, నోటిని, ముఖమునంతను కప్పవలెను. దాని యద్దము గాజు కాదు. పాలికార్బొనేటు అను గట్టి పదార్థము. ఎండ, వేడి, రసాయనములు సోకి ఆ పదార్థము కాలక్రమమున పెళుసుబాఱును. పైకి స్వచ్ఛముగా కనబడుచునే లోన బలము కోల్పోవును. అంచున సన్నని బీట యున్నను, సమీపమునుండి గట్టిదెబ్బ తగిలినను అద్దమును మార్చవలెను. అట్టి దేమియు లేకున్నను ఏటేట మార్చుట మంచి వాడుక. పదేండ్లు పెట్టెలో నున్న అద్దమును నమ్మరాదు. ముసుగు చట్రము దృఢముగా నుండి, దానికి తగిన క్రొత్త అద్దము దొరకినచో అద్దము మాత్రము కొనవచ్చును. లేనిచో ముసుగే క్రొత్తది కొనవలెను. అమెరికాలో ఈ యాటకొఱకే ఏర్పడిన ప్రమాణమునకు ఏ.ఎస్.టి.ఎం. ఎఫ్ 1776 అని పేరు. ఆ గుర్తు లేనిదానిని ముట్టరాదు. మోటారుసైకిలువారి కండ్లద్దములు, ప్రయోగశాలలోని కండ్లద్దములు దీనికి బదులు కానేరవు.

ఇందు మఱియొక సూక్ష్మము గలదు. పరుగెత్తువాని ఊపిరి తగిలి అద్దము మసకబాఱును. మసకబాఱినప్పుడు తుడుచుకొనుటకై ఆటనడుమ ముసుగును పైకెత్తుదురు. ప్రమాదము జరుగునది అప్పుడే. రెండు పొరలుగా నుండి నడుమ గాలి నిలిచిన అద్దము అంత త్వరగా మసకబాఱదు. దానికి కొంత వెల ఎక్కువ. అది విలాసముకొఱకైన ఖర్చు కాదు; ముసుగు తీయవలసిన యవసరమును తప్పించు ఖర్చు. మొత్తము బేరములో రెండు రూకలు అధికముగా వెచ్చింపదగిన చోటు ఏదని యడిగిన, ఇదియే యని చెప్పుదుము.

రెండవది గాలిబుడ్డి. గుండును తోయు బలము దానినుండి వచ్చును. పూర్వము దానిలో సోడాలో వాడు బొగ్గుపులుసు గాలిని నింపెడివారు. అది బుడ్డిలో ద్రవరూపమున నుండి, వెలికి వచ్చునప్పుడు వాయువగును. అట్లు మాఱుటకు వేడిమి కావలెను గనుక చలిదినమున దాని బలము తగ్గును; వరుసగా పేల్చినచో బుడ్డియు చల్లబడి గుండ్లు కొన్ని దూరముగను కొన్ని దగ్గఱగను పడును. ద్రవమే తుపాకిలోనికి దిగినచో రబ్బరు వలయములు చెడును. ఇప్పుడు మనము పీల్చు గాలినే చదరపు అంగుళమునకు 3000 లేక 4500 పౌనుల ఒత్తిడితో నింపి వాడుట వ్యాపించినది. బుడ్డి మూతియందలి రెగ్యులేటరు ఆ ఒత్తిడిని తగ్గించి సమముగా పంపును. అల్యూమినియముతో చేసిన 48 ఘనపుటంగుళముల, 3000 పౌనుల బుడ్డి చవుక. నారపదార్థము చుట్టిన 68 ఘనపుటంగుళముల, 4500 పౌనుల బుడ్డి ఎక్కువ గాలి పట్టును. దాని వెల హెచ్చు. నెలకొకసారి ఆడువానికి మొదటిది చాలును.

ఈ బుడ్డి విషయమున చట్టమును గలదు. అమెరికాలో ఇట్టి గాలిబుడ్లను 5 ఏండ్లకొకసారి నీటియొత్తిడిచే పరీక్షింపవలెను. ఆ తేదీ బుడ్డిమీదనే ముద్రింపబడి యుండును. నారచుట్టిన బుడ్లకు సాధారణముగా 15 ఏండ్లే ఆయువు. గడువు దాటినదానిని నింపరు, నింపరాదు. కావున పాతబుడ్డి తీయగానే తేదీ చూడవలెను. పరీక్షరుసుమును, పంపుటకగు ఖర్చును కూడినచో క్రొత్త అల్యూమినియపు బుడ్డి వెలకు సమీపించునేని క్రొత్తదే మేలు. మఱియు బుడ్డిని తుపాకినుండి త్రిప్పి తీయునప్పుడు మూతి బుడ్డితో కలిసి తిరుగుచున్నదో, బుడ్డినుండి ఊడి వచ్చుచున్నదో చూడవలెను. మూతి ఊడిన బుడ్డి తూటావలె ఎగురును. ఇట్లు మరణములు సంభవించుటచే 2004వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వపు వినియోగవస్తు భద్రతా సంఘము ప్రజలను హెచ్చరించెను. సందేహమున్నచో పనితెలిసినవానికి చూపుటయే కాని ఇంట విప్పుట తగదు.

మూడవది తుపాకి. మార్కరు అని దాని యథార్థనామము, అనగా గుర్తువేయునది. ఇచ్చట పొదుపు చేయవచ్చును. విద్యుత్తు లేక కేవలము స్ప్రింగు, సుత్తి, గాలి వీనితో పనిచేయు లోహపు మార్కర్లు ఎన్నియేండ్లైనను నిలుచును. 1998లో వెలువడిన టిప్‌మన్ 98 అనునది దీనికి మంచి యుదాహరణము; దాని కట్టడము సులభము, విప్పి బిగించుట తేలిక. పదేండ్లు పడియున్న ఇట్టి మార్కరులో సాధారణముగా ఎండి చెడునవి ఓ-రింగులను రబ్బరు వలయములు మాత్రమే. అవి స్వల్పవ్యయమున దొరకును. వానిని మార్చి, తగిన నూనె రెండు చుక్కలు వేసి, గొట్టమును తుడిచినచో చాలవఱకు పని తీఱును. విద్యుద్యంత్రము గల మార్కరైనచో లోపలి పలక చెడియుండవచ్చును. అది ఖర్చుతో కూడిన పని. ఇతరులయొద్ద పాతది కొనువాడు గాలి ఎక్కించి చూపుమని యడుగవలెను. ఎక్కడైన "సుస్సు" మను చప్పుడు వినబడునేమో చెవి యొగ్గవలెను. మఱలు అరిగినవేమో చూడవలెను. ఏ తుపాకియైనను ఆటకు ముందు వేగమును కొలుచు క్రోనోగ్రాఫు యంత్రము నెదుట పరీక్షింపబడవలెను. ఆట లేనప్పుడు గొట్టపు మూతికి గుడ్డతొడుగు తప్పక వేయవలెను; దాని వెల అత్యల్పము, దాని పని అత్యధికము.

నాల్గవది గుండ్లు. జిలాటిను పొర తేమను పీల్చి ఉబ్బును, ఎండి సొట్టపడును. పాతవి గొట్టములోనే పగులును. వానిని పాఱవేయుటే పొదుపు. నేలబడిన గుండును ఏఱి మఱల వాడుటయు తప్పు. దానికంటిన యిసుక గొట్టమును గీచును.

ఇచ్చట బాలురు చిన్న లెక్క చేయుదురు గాక. గుండ్లు 2000 కలిసి ఒక పెట్టెగా అమ్ముదురు. డబ్బాలో సుమారు 200 పట్టును. సెకండునకు 10 గుండ్లు విసరు మార్కరు ఆ డబ్బాను 20 సెకండ్లలోను, పెట్టెనంతను 3 నిమిషముల 20 సెకండ్లలోను ఖాళీచేయును. చేతితో వెనుకకు లాగి ఒక్కొక్క గుండే పేల్చు పంపుమార్కరుతో సెకండునకొకటి చొప్పున పేల్చినను అదే పెట్టె 33 నిమిషముల 20 సెకండ్లు వచ్చును. తుపాకి వెల ఒకసారి చెల్లింతుము. గుండ్ల వెల ప్రతి ఆటకును చెల్లింతుము. కావున చవుకగా దొరకినదని వేగముగల తుపాకిని కొన్నవాడు వెల తగ్గించుకొనలేదు, వాయిదాల మీద పెంచుకొన్నాడు.

ఇంత చెప్పినను, మఱల మొదలుపెట్టువాడు మొదటి రెండు మూడు సార్లు తుపాకిని, గాలిబుడ్డిని మైదానమువారియొద్ద అద్దెకు తీసికొని, ముసుగు మాత్రము తనదే తీసికొనిపోవుట ఉత్తమము. ఆట మఱల మనస్సునకు పట్టునో, మోకాళ్లు సహించునో అంతలో తెలియును. పొడుగుచేతుల పాతచొక్కా, మందపు లాగు, మడమను పట్టు బూట్లు ఇంటనున్నవే చాలును.

మన దేశములోను హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరముల చెంత ఈ యాటస్థలములు గలవు. అచ్చట సాధారణముగా పనిముట్లన్నియు స్థలమువారే యిత్తురు. కొనుటలో గాక పరిశీలించుటలో మన వివేకము చూపవలెను. ముసుగు అద్దమున బీటలున్నవా? పట్టీ బిగువుగా నున్నదా? చెవులు కప్పుచున్నదా? వేగమును నేడు కొలిచిరా? అని బిడ్డలను పంపు తల్లిదండ్రులు అడుగుటకు సంకోచింపరాదు. ఆడుస్థలములో నున్నంతసేపు, అద్దము మసకబాఱినను, ఆట ముగిసినదని తోచినను, ముసుగు తీయరాదని బాలురు గట్టిగా పట్టుకొనవలెను.

ఇప్పుడు 1981 నాటి గెలుపును జ్ఞప్తికి తెచ్చుకొందము. నాడు గెలిచినవాని చేతిలో ఇతరులయొద్ద లేని తుపాకి లేదు. అతని గుండ్ల ఖర్చు సున్న. అడవి నెఱుగుట, ఓర్పుతో కదలుట, కనులు విప్పి చూచుట ఇవియే అతని పనిముట్లు. వీనిలో మొదటి రెండును అంగడిలో దొరకవు, అభ్యాసముచే వచ్చును. మూడవదానిని కాపాడు వస్తువు మాత్రము అంగడిలో దొరకును. కావున ముందుగా దానినే కొనవలెను.