గుండెను ఆపి, గుండెను కాపాడే విధానం

శస్త్రచికిత్స జరుగుతున్నంతసేపు గుండెను ఆపివేస్తామని వైద్యులు చెప్పగానే రోగి కుటుంబం కలవరపడటం సహజం. అయితే గుండె కండరానికి రక్షణ కల్పించేది సరైన పద్ధతిలో ఆపడమే.

గుండెలోని కవాటాన్ని మార్చాలన్నా, గదుల మధ్య రంధ్రాన్ని మూయాలన్నా గుండె కదలకుండా ఉండాలి. అంతవరకు శరీరానికి రక్తాన్ని గుండె–ఊపిరితిత్తుల యంత్రం అందిస్తుంది. ఈ యంత్రంతో తొలి విజయవంతమైన శస్త్రచికిత్సను 1953 మే 6న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ చేశారు.

అయినా ఒక చిక్కు మిగిలింది. యంత్రం మెదడుకు, మూత్రపిండాలకు రక్తం పంపుతుంది. గుండె నుండి బయలుదేరే మహాధమనిని బిగించి మూసినప్పుడు మాత్రం, గుండె కండరాన్ని పోషించే ధమనులకు రక్తం అందదు. ప్రాణవాయువు లేకుండానే గుండె కొట్టుకుంటూ ఉంటే శక్తి నిల్వలు తరిగి, కండరం దెబ్బతింటుంది.

దీనికి మార్గం పొటాషియం లవణం చూపింది. మామూలుగా పొటాషియం కండర కణం లోపల ఎక్కువగా, వెలుపల తక్కువగా ఉంటుంది. వెలుపల దానిని పెంచితే విద్యుత్ సంకేతం పుట్టదు. గుండె సడలి నిలిచిపోతుంది. 1955లో లండన్‌లో మెల్‌రోజ్ ఈ పద్ధతిని ప్రకటించారు. ఆనాటి మోతాదు గాఢమై కండరానికి హాని చేసినందున పద్ధతి మూలపడింది. 1970ల్లో తక్కువ మోతాదుతో మళ్ళీ వాడుకలోకి వచ్చింది. ఈ ద్రావణాన్ని కార్డియోప్లీజియా అంటారు.

రెండవ రక్షణ చల్లదనం. ద్రావణాన్ని తరచుగా సుమారు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎక్కిస్తారు. కొట్టుకోవడం ఆగితేనే గుండెకు కావలసిన ప్రాణవాయువు దాదాపు పదోవంతుకు తగ్గుతుంది; చల్లదనం దానిని ఇంకా తగ్గిస్తుంది. వత్తి తగ్గించిన దీపానికి ఉన్న నూనె ఎక్కువసేపు వచ్చినట్లే ఇదీను. కొన్ని ద్రావణాలను ఇరవై నిమిషాలకొకసారి మళ్ళీ ఇస్తారు. కొన్ని ఎక్కువసేపు పనిచేస్తాయి. రోగి రక్తాన్నే కలిపి ఇచ్చే పద్ధతిలో కొంత ప్రాణవాయువు కూడా అందుతుంది. ధమనులు పూడుకుపోయి ద్రావణం ముందుకు సాగకపోతే, సిరల వైపు నుండి వెనుకకు పంపుతారు.

పని ముగిసి బిగింపు తీయగానే వెచ్చని రక్తం పొటాషియంను కడిగివేస్తుంది. గుండె చాలాసార్లు తనంతట తానే కొట్టుకుంటుంది. కొన్నిసార్లు స్వల్ప విద్యుత్ ఘాతం అవసరమవుతుంది.

ఈ రక్షణకూ కాలపరిమితి ఉన్నది. ముందే బలహీనపడిన గుండె కోలుకోవడానికి ఎక్కువ రోజులు పట్టవచ్చు. పొటాషియంను బయటకు పంపేవి మూత్రపిండాలు కనుక, వాటి జబ్బు ఉంటే వైద్యునికి తప్పక తెలుపాలి. కొన్ని బైపాస్ శస్త్రచికిత్సలు గుండెను ఆపకుండానే జరుగుతాయి; రోగికి ఏ పద్ధతి, ఎందుకు అని అడగడం కుటుంబం హక్కు. సరిహద్దు గ్రామాల వారికి ఆసుపత్రి అంగీకార పత్రం కన్నడంలోనో, తమిళంలోనో, ఆంగ్లంలోనో ఉండవచ్చు. దానిని తెలుగులో చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం చేయాలి.