కొత్త మొక్కకు పేరు ఎలా వస్తుంది?

మార్కాపురం పలకల సంగతి మీరు వినే ఉంటారు. ఆ మార్కాపురానికీ, దాని దక్షిణాన ఉన్న గిద్దలూరుకూ పడమటి దిక్కున నల్లమల కొండలు ఉన్నాయి. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు దిగువమెట్ట దాటాక ఆ అడవిలోనే సాగుతుంది. అక్కడ ఒక పొద మీ కంటబడిందనుకోండి. ఏ పుస్తకంలో వెతికినా దాని పేరు దొరకలేదు. అయితే అది కొత్త మొక్కేనా?

నిజానికి మొక్క కొత్తది కాదు. మనం పుట్టకముందు నుంచీ అది అక్కడే పూసి, కాసి, రాలుతూ ఉంది. అడవిలో బతికే చెంచులు దాన్ని ఎరిగే ఉండవచ్చు. అది కొత్తది శాస్త్రానికి మాత్రమే. ఆ మాట అనాలన్నా రుజువు కావాలి.

ఆకు ఒక్కటే రుజువు కాదు. ఒకే మొక్కకు నీడలో వెడల్పాటి ఆకులు, ఎండలో చిన్న ఆకులు రావచ్చు. పువ్వు, కాయ అంతగా మారవు. అందుకే శాస్త్రజ్ఞులు పూతతో ఉన్న కొమ్మను తెచ్చి, కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి, దళసరి అట్టకు అంటిస్తారు. అది ఎక్కడ, ఎప్పుడు దొరికిందో, స్థానికులు దాన్ని ఏమంటారో పక్కనే రాస్తారు. ఇలాంటి అట్టలను దాచే చోటు హెర్బేరియం. కోయంబత్తూరులో, హౌరాలో పెద్ద హెర్బేరియంలు ఉన్నాయి.

అసలు పని ఇక మొదలవుతుంది. దానికి దగ్గరి చుట్టాలైన మొక్కలన్నిటితో దాన్ని పోల్చి చూడాలి. నల్లమలలో ఎరియోలీనా లషింగ్టోని అనే చిన్న చెట్టు ఉంది. ఎరియోలీనా అంటే గ్రీకు భాషలో ఉన్ని పైబట్ట అని అర్థం. పువ్వు కింది రక్షక పత్రాల మీద ఉన్నిలాంటి నూగు ఉండటమే అందుకు కారణం. ఈ చెట్లకు పసుపు పూలు పూస్తాయి. మందార పువ్వులో లాగే కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసి ఉంటాయి. గింజకు రెక్క ఉంటుంది. ఈ ప్రజాతి చెట్లు మన దేశంలో మరికొన్ని అప్పటికే తెలుసు. వాటిలో దేనితోనూ ఇది సరిపోలలేదు. అందుచేత డన్ అనే శాస్త్రజ్ఞుడు 1915లో దీన్ని వేరే జాతిగా వర్ణించాడు. మద్రాసు రాష్ట్రంలో అటవీ అధికారిగా పనిచేసిన లషింగ్టన్ పేరు దీనికి పెట్టారు. ఈ లషింగ్టన్ అదే ఏడాది చెట్లకు, పొదలకు ప్రజలు వాడే పేర్లను ఒక పుస్తకంగా వెలువరించాడు.

ఇంకొక మొక్కకు నల్లమల పేరే వచ్చింది. అది మన నేలవేముకు చుట్టం, ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా. భారత వృక్ష సర్వేక్షణ సంస్థలో పనిచేసిన జె.ఎల్. ఎల్లిస్ 1966లో దీన్ని వర్ణించారు.

ప్రజలు పిలిచే పేరు చాలదా అని మీరు అడగవచ్చు. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ రెండూ తుమ్మలే అంటాం. కానీ అవి వేరు వేరు ప్రజాతులు. ఎర్రచందనం, రక్తచందనం అని రెండు పేర్లున్నా చెట్టు ఒక్కటే. ఈ తికమక లేకుండా శాస్త్రీయ నామం కాపాడుతుంది. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక నమూనాను ప్రమాణంగా ఎన్నుకుంటారు. ముందు ముందు ఎవరికి అనుమానం వచ్చినా దాన్నే చూసి తేల్చుకుంటారు. కొత్త మొక్క వర్ణనను ఒకప్పుడు లాటిన్‌లోనే రాయాలనే నియమం ఉండేది. 2012 నుంచి ఇంగ్లీషులోనూ రాయవచ్చు.

ఇంత శ్రమ ఎందుకు? కొన్ని మొక్కలు ఒక కొండ వరుసలో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెరగవు. అక్కడ కార్చిచ్చు రేగినా, అడవి కొట్టివేసినా ఆ జాతి అంతరించిపోవచ్చు. పేరులేని మొక్క కాపాడవలసిన వాటి జాబితాలోకి ఎక్కదు. అది పోయినా, పోయిందని చెప్పేవారు ఉండరు. పేరు పెట్టడమంటే ఆ మొక్కను లెక్కలోకి తీసుకోవడమే.

మీ ఊరి చెరువుగట్టున ఉన్న ఒక పొదను ఎంచుకోండి. కొమ్మ విరవకుండానే దాని ఆకు అంచు, పువ్వు రంగు, రేకుల సంఖ్య, కాయ ఆకారం నోటు పుస్తకంలో రాయండి. దాన్ని ఏమంటారో అమ్మమ్మనో, తాతయ్యనో అడిగి ఆ పేరూ రాయండి. తరువాత ఆ పుస్తకం మీ స్నేహితుడి చేతికిచ్చి, మొక్కను వెతికి పట్టుకోమనండి. పట్టుకోగలిగితే మీ వర్ణన బాగా కుదిరినట్టే!