సైటు తెరుచుకోకుంటే తప్పు మీదే అనుకోకుండ్రి

పోయినేడు స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరు రోజు. డిగ్రీ చదివే ఒక చెల్లె మా ఇంటికొచ్చి ఫోన్ నా చేతిల వెట్టింది. "అన్నా, నిన్నటిదాక మంచిగనే తెరుచుకున్నది. రాత్రి క్రోమ్ అప్‌డేట్ అయింది. పొద్దుగాల సంది ఉత్త తెల్ల పేజీ వస్తున్నది. నేనే ఏదో నొక్కి చెడగొట్టిన కావచ్చు" అన్నది. అప్పటికే మండలంల ఉన్న నెట్ సెంటర్లన్ని తిరిగొచ్చింది. ఒకాయన పాత క్రోమ్ ఫైల్ వాట్సాప్‌ల పంపిస్త, ఎక్కించుకో అన్నడట. ఇంకొకాయన ఫోన్ మొత్తం రీసెట్ కొట్టుమన్నడట.

రెండూ వద్దన్న. అరగంట కూసొని ఒక్కొక్కటి చూసుకుంట పోతే తప్పు ఎక్కడున్నదో దొరికింది. అది ఆమె ఫోన్‌ల లేదు, ఆమె నొక్కుడుల లేదు. సైటుల ఉన్నది. కొత్త క్రోమ్‌కు తగ్గట్టు ఆ సైటును ఎవరూ సవరించలే. ఫైర్‌ఫాక్స్‌ల తెరిస్తే ఫారం వచ్చింది, సాయంత్రం కల్ల దరఖాస్తు పోయింది. పోయేటప్పుడు ఆ పిల్ల ఒక్కటే అడిగింది: "మరి గిది తెల్వనోళ్ల సంగతేందన్నా?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్న. నేను ఇంజనీర్‌ను కాదు. జనం కాయితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టు తిరిగే పనిలనే ఇవన్ని నేర్చుకున్న. నాకొచ్చిందంటే మీకు ఇంకా జల్ది వస్తది.

అప్‌డేట్ అయితే సైటు ఎందుకు ఆగుతది?

బ్రౌజర్ అంటే సైట్లను తెరిచి చూపించే యాప్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ అన్నీ గవే. కొద్ది వారాలకొకసారి వీటికి కొత్త వర్షన్ వస్తది. అందుల రెండు పనులైతయ్. ఒకటి, దొంగలు దూరే సందులు మూస్తరు. రెండు, పాతబడ్డ పద్ధతులు తీసేస్తరు. ఏదన్న సైటు ఆ పాత పద్ధతి మీదనే నడుస్తుంటే ఆ రోజు నుంచి ఆగిపోతది. మనకు మాత్రం బ్రౌజరే చెడిపోయినట్టు కనవడ్తది.

జరిగినయే చెప్త. మన ఫోన్‌కు, సైటుకు నడుమ పోయే సమాచారాన్ని మధ్యల ఎవరూ చదవకుంట తాళమేసే పద్ధతిని టీఎల్ఎస్ అంటరు. దాని మొదటి రకం 1999ల వచ్చింది, రెండోది 2006ల. రెండూ బలహీనమని తేలినంక పెద్ద బ్రౌజర్లన్ని 2020ల వాటిని పక్కకు వెట్టినయ్. అంతకన్న గట్టి తాళం, 1.2 రకం, 2008 నుంచే ఉన్నది. మార్చుకున్న సైట్లు నడిచినయ్, మార్చుకోనియి ఆగినయ్.

ఫ్లాష్ ముచ్చట ఇంకా పెద్దది. ఒకప్పుడు సైట్లల్ల బొమ్మలు, వీడియోలు, ఫారాలు మస్తుగ దాని మీదనే నడిచేవి. 2020 ఆఖరుకల్ల ఫ్లాష్‌ను బంద్ చేస్తమని అడోబీ కంపెనీ 2017 జులైలనే చెప్పింది. మూడేండ్లకు పైన టైమ్ ఇచ్చింది. అయినా దక్షిణాఫ్రికా పన్నుల శాఖ తన ఫారాలన్నిటిని ఆ లోపట మార్చలేకపోయింది. 2021 జనవరిల, ఫ్లాష్ నడిచే సొంత బ్రౌజర్ తయారుచేసి జనానికిచ్చింది. ఆ ఒక్క సైటు కోసం పన్ను కట్టేటోళ్లు ఇంకో బ్రౌజర్ ఎక్కించుకోవాల్సి వచ్చింది. గడువు తెలిసి కూడ సైటు మార్చకపోతే, ఆ బరువు చివరికి జనం నెత్తి మీదనే పడ్తది.

మూడోది జర నవ్వొచ్చే ముచ్చట. సైటు తెరవంగనే బ్రౌజర్ తన పేరు, వర్షన్ నంబర్ ఆ సైటుకు చెప్తది. 2022 మార్చిల క్రోమ్, మే నెలల ఫైర్‌ఫాక్స్ 100వ వర్షన్‌కు చేరినయ్. నంబర్ల రెండు అంకెలే చదివేటట్టు కోడ్ రాసుకున్న సైట్లకు 100 పోయి 10 లెక్క కనవడ్తది. అప్పుడు అది "మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి" అంటది. నిన్ననే కొన్న బండిని పట్టుకొని పాత ఇనుముల వెయ్యిమన్నట్టు! కంపెనీలు దీన్ని ముందే పసిగట్టి పరీక్షలు పెట్టినయ్ గన్క పెద్ద గోల కాలే. అంతకు ముందు 2009ల ఒపెరా బ్రౌజర్ 10కి చేరినప్పుడు గిదే తిప్పలొచ్చింది. సైట్లు ఆగుతయని అది తన నంబర్‌ను 9.80 అనే చెప్పుకున్నది.

మోటరు చూసినట్టే చూడాలె

బాయికాడ మోటరు నడవకుంటే రైతు మొదలే మోటరు ఇప్పడు. కరెంటున్నదా చూస్తడు, ఫ్యూజు చూస్తడు, స్టార్టర్ చూస్తడు, ఆఖరికి మోటరు దగ్గరికి పోతడు. సైటు ఆగితే కూడ గంతే. సులువైనది ముందు, కష్టమైనది ఎనుక.

మొదలు, తెర మీద ఏం రాసున్నదో చదువుండ్రి. అది తిట్టు కాదు, ఆచూకీ. "డీఎన్ఎస్" అనే మాట కనవడితే ఆ పేరుతోని సైటు దొరకలేదన్నట్టు. అడ్రస్‌ల అక్షరం తప్పు పోయిందా చూడాలె. "టైమ్డ్ అవుట్" అంటే అవతలి నుంచి జవాబు రాలేదని. 404 అంటే సైటున్నది గని ఆ పేజీ లేదు. 500, 502, 503 నంబర్లు వస్తే తప్పు సైటు నడిపే కంప్యూటర్ దిక్కే ఉన్నది; మీ ఫోన్‌ల ఏం మార్చినా ఫాయిద లేదు. ఆఖరు రోజున అందరు ఒక్కసారే ఎగవడితే 503 ఎక్కువ కనవడ్తది. తెల్లారగట్ల చూడుండ్రి.

రెండోది, వేరే సైటు తెరిచి చూడుండ్రి. అదీ రాకుంటే నెట్‌దే లొల్లి. అది వస్తే, ఆగిన సైటును ఇంకొకరి సిమ్ హాట్‌స్పాట్ మీద తెరువుండ్రి. వీపీఎన్ యాప్ ఉంటే బంద్ చెయ్యుండ్రి. వీపీఎన్ మనల్ని వేరే దేశంల ఉన్నట్టు చూపిస్తది. మన సర్కారు సైట్లల్ల కొన్ని బయటి దేశాల నుంచి తెరుచుకోవు. దుబాయ్‌ల, మస్కట్‌ల పనికి పోయిన మన జగిత్యాల, నిజామాబాద్ అన్నలు ఇంటి కాయితాల కోసం సైటు తెరిస్తే రాకపోవడానికి ఇదొక కారణం. అసొంటప్పుడు ఇక్కడున్న ఇంటోళ్లు తెరిచి చూస్తే తేలిపోతది.

మూడోది, ఫోన్‌ల తారీఖు, టైమ్ సరిగ్గున్నయా? ఇది చిన్నగ కనవడ్తది గని మస్తు మందిని సతాయిస్తది. ప్రతి సైటుకు సర్టిఫికెట్ అనే గుర్తింపు కార్డు ఉంటది, దానికి గడువుంటది. మీ ఫోన్ తారీఖు తప్పుంటే మంచి కార్డు కూడ గడువు దాటినట్టు కనవడ్తది. సెట్టింగ్స్‌ల తారీఖును ఆటోమేటిక్ పెట్టుండ్రి.

నాలుగోది, ఇన్‌కాగ్నిటో ట్యాబ్. క్రోమ్‌ల మూడు చుక్కలు నొక్కితే కనవడ్తది. సైటు మీ ఫోన్‌ల దాచిపెట్టిన పాత ముక్కలను ఇది ముట్టుకోదు. కంప్యూటర్‌ల అయితే ఎక్స్‌టెన్షన్లను కూడ మామూలుగ పక్కకు వెడ్తది. మామూలు ట్యాబ్‌ల రాని సైటు ఇన్‌కాగ్నిటోల వచ్చిందంటే ఆ పాత ముక్కలదో, ఎక్స్‌టెన్షన్‌దో తప్పు. అప్పుడు హిస్టరీ మొత్తం ఊడ్చెయ్యొద్దు, అన్ని సైట్లల్ల మల్ల లాగిన్ కావాల్సొస్తది. సెట్టింగ్స్‌ల సైట్ సెట్టింగ్స్, అందుల ఆల్ సైట్స్‌కు పోయి, ఆ ఒక్క సైటు డేటానే తీసెయ్యుండ్రి.

ఐదోది, ఇంకో బ్రౌజర్. ఇక్కడ ఒక కిటుకున్నది. క్రోమ్‌ల రాకుంటే ఎడ్జ్‌ల, బ్రేవ్‌ల, ఒపెరాల చూస్తరు. పేర్లు వేరైనా ఇవన్ని క్రోమియం అనే ఒక్క ఇంజన్ మీదనే నడుస్తయ్. ఒక్క బాయి నీళ్లే నాలుగు బిందెలల్ల ముంచినట్టు. ఫైర్‌ఫాక్స్ ఇంజన్ వేరే, గెకో అంటరు. అందుకే ఆండ్రాయిడ్‌ల, కంప్యూటర్‌ల క్రోమ్ కాకుంటే ఫైర్‌ఫాక్స్‌ల చూస్తేనే అసలు పరీక్ష. అందుల తెరుచుకుంటే మీ పనీ అయితది, తప్పు మీ నెట్‌ది కాదని రుజువూ అయితది.

బటన్ నొక్కినా పేమెంట్ పేజీ, పీడీఎఫ్ రాకుంటే సైట్ సెట్టింగ్స్‌ల పాపప్స్ ఆగి ఉన్నయా చూడుండ్రి. "డెస్క్‌టాప్ సైట్" టిక్ పడి ఉంటే తీసి ఒకసారి, పెట్టి ఒకసారి చూడుండ్రి. డబ్బులు కట్ అయినంక పేజీ ఆగితే వెంటనే మల్ల కట్టొద్దు. ట్రాన్సాక్షన్ నంబర్ రాసుకొని, ఆ సైటుల పేమెంట్ స్టేటస్ చూసినంకనే ముందటికి పోవాలె.

బ్రౌజర్ మంచిగుండి యాప్‌లు టపటప మూతవడితే వెబ్‌వ్యూను చూడాలె. యాప్‌ల లోపట పేజీలు తెరిచేది అదే. 2021 మార్చిల వెబ్‌వ్యూల వచ్చిన లోపంతోని దునియల శానా ఆండ్రాయిడ్ ఫోన్లల్ల జీమెయిల్ సుత యాప్‌లు తెరవంగనే మూతవడ్డయ్. ఫోన్ పోయిందనుకొని రిపేర్ షాపులకు పోయి ఉంటే పైసలు దండుగే. గూగుల్ పంపిన అప్‌డేట్‌ను ప్లే స్టోర్‌ల ఎక్కించుకుంటే సరైంది.

నెట్ సెంటర్ నడిపే తమ్ముళ్లకు రెండు మాటలు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ల తప్ప నడవని పాత సైటుంటే ఎడ్జ్ సెట్టింగ్స్‌ల "ఐఈ మోడ్" ఉన్నది, వాడుండ్రి. ఎక్స్‌ప్లోరర్‌ను 2022 జూన్‌ల బంద్ చేసిన్రు గని ఈ మోడ్‌ను 2029 దాక ఉంచుతమని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇక విండోస్ 7 కంప్యూటర్లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది, 2023 ఫిబ్రవరి నుంచి కొత్తది రాలే. ఆడ తిప్పలు ఉల్టా ఉంటది: సైటు కొత్తది, బ్రౌజర్ పాతది.

ఎర్ర గుర్తు దాటొద్దు

"మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర గుర్తు వచ్చి, తారీఖు సరిగ్గనే ఉంటే ఆడనే ఆగుండ్రి. "అడ్వాన్స్‌డ్" నొక్కి దాటిపోతే పేజీ రావచ్చు. కాని మీరు కొట్టే ఆధార్ నంబర్, ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరి చేతికి పోతున్నయో తెల్వదు. తప్పు ఆఫీసుదే అయినా, పోయే పైసలు మీయి.

వాట్సాప్‌ల వచ్చిన పాత బ్రౌజర్ ఏపీకే ఎక్కించుడు ఇంకా పెద్ద తప్పు. కొత్త వర్షన్‌ల మూసిన సందులన్ని పాతదాంట్ల తెరిచే ఉంటయ్. పైంగ ఆ ఫైల్ల ఎవడేం కలిపిండో చెప్పలేం. ఒక్క సైటు కోసం ఇంటి తలుపులన్ని తీసి పెట్టుకుంటమా?

తప్పు సైటుదైతే అడుగుడు మన హక్కు

ఇన్ని చూసినంక తప్పు సైటుదే అని తేలితే "మన నసీబు" అని ఊకోవద్దు. ఎర్రర్ కనవడేటట్టు, తారీఖు, టైమ్, సైటు అడ్రస్ పడేటట్టు స్క్రీన్‌షాట్ తీయుండ్రి. ఏ బ్రౌజర్, ఎంత నంబర్ వర్షన్, ఏ సిమ్ అనేది కాయితం మీద రాసుకోండ్రి. "సైట్ పనిచేస్తలేదు" అంటే ఆఫీసుల ఎవరూ వినరు. "ఫలానా రోజు పొద్దున 10 గంటలకు, ఫలానా క్రోమ్ వర్షన్‌ల తెల్ల పేజీ, ఫైర్‌ఫాక్స్‌ల వచ్చింది" అంటే తప్పించుకునే తొవ్వ ఉండది. ఆ కాయితాన్ని హెల్ప్‌డెస్క్‌కు మెయిల్ చేసి, సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిల ఇచ్చి రసీదు తీసుకోండ్రి.

సర్కారు సైట్లు ఎట్లుండాలె అనేదానికి దేశంల మార్గదర్శకాలున్నయ్. 2009ల వచ్చినయ్, 2023ల మూడో రూపం తెచ్చిన్రు. సైటును ఒక్క బ్రౌజర్‌ల కాదు, పలు బ్రౌజర్లల్ల పరీక్షించాలనేది అందుల మాటే. "మీ సైటును ఏయే బ్రౌజర్లల్ల, ఎప్పుడు పరీక్షించిన్రు? ఆ రిపోర్టు ఇయ్యుండ్రి" అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్ల జవాబియ్యాలె.

గడువు పెంచుమంటే "అది అయ్యే పని కాదు" అనేటోళ్లకు ఒక్క ముచ్చట చెప్పుండ్రి. 2020 ఫిబ్రవరిల క్రోమ్ 80 కుకీల పద్ధతిని మార్చుకుంట వచ్చింది. కరోనా రాంగనే, బ్యాంకులు, సరుకులు, సర్కారు సేవలు, దవాఖానల సైట్లు ఆగొద్దని ఏప్రిల్‌ల గూగుల్ ఆ మార్పును తాత్కాలికంగ వెనక్కి తీసుకున్నది. జులైలనే మల్ల మొదలువెట్టింది. లాభం కోసం నడిచే కంపెనీ జనానికి ఇబ్బందైతదని మూడు నెలలు ఆగింది. జనం పన్నులతోని నడిచే ఆఫీసు, తన సైటు తప్పుకు రెండు దినాల గడువు పెంచలేదా?

ఆ చెల్లె దరఖాస్తు పోయింది గని, మా దిక్కు ఇంకొందరు పిల్లలు ఆ రోజు ఆగిపోయిన్రు. వాళ్లతోని కూడ స్క్రీన్‌షాట్లు తీయించి, ప్రింట్ కొట్టి, అందరి సంతకాలతోని కాయితం ఇచ్చినం. గడువు పెంచలే. కాని కాయితం అందినట్టు ముద్దర కొట్టిచ్చిన్రు. ఆ పిల్లల్ల ఒక్కరు కూడ ఇప్పుడు "నేనే చెడగొట్టిన" అంటలేరు. ఈసారి దరఖాస్తులు మొదలైన దినమే ఫోన్‌ల రెండు బ్రౌజర్లు పెట్టుకొని కూసుంటున్నరు. ఆ ముద్దర కాయితం నా దగ్గర భద్రంగున్నది. మల్ల సైటు ఆగితే దాన్నే ముందట వెట్టి అడుగుతం.