ప్రాణవాయువే ముప్పయితే!

1943లో న్యూయార్క్‌లోని కార్నెల్ వైద్య కళాశాలలో జాన్ మెక్‌లియోడ్ వీర్యకణాలను ఆక్సిజన్ ఎక్కువగా ఉన్నచోట ఉంచి చూశారు. చురుగ్గా ఈదాల్సిన కణాలు చతికిలపడ్డాయి. కెటలేజ్ అనే ఎంజైమ్ కలిపితే మాత్రం కదలిక తగ్గలేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టడమే కెటలేజ్ పని. అంటే తమను దెబ్బతీసే పదార్థాన్ని ఆ కణాలే తయారుచేసుకుంటున్నాయన్నమాట!

కవచం లేని కణం

హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి చురుకైన ఆక్సిజన్ అణువులు మితిమీరి, వాటిని అదుపుచేసే యాంటీఆక్సిడెంట్లు చాలకపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. అండాన్ని చేరే ముందు వీర్యకణం సిద్ధపడాలంటే ఈ అణువులు కొద్దిగా కావాలి. చిక్కంతా అవి ఎక్కువైతేనే.

వీర్యకణం పైపొరలో డీహెచ్‌ఏ వంటి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. నిల్వ నూనె కంపుకొట్టినట్టే ఇవీ ఆక్సిజన్ తాకిడికి పాడవుతాయి. దాంతో కదలిక మందగిస్తుంది. ఈ కణంలో జీవద్రవ్యం చాలా తక్కువ కాబట్టి రక్షించే ఎంజైములూ తక్కువే. డీఎన్‌ఏ తెగితే సొంతంగా బాగుచేసుకునే శక్తి దాదాపు లేదు. అండం కొంతవరకు సరిచేస్తుంది. నష్టం మరీ ఎక్కువైతే గర్భం నిలవకపోవచ్చు.

పొగాకు, ఊబకాయం, మధుమేహం, ఇన్ఫెక్షన్లు ఈ ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను పెంచుతాయి. వృషణాల దగ్గరి సిరలు ఉబ్బే వేరికోసీల్ మరో ముఖ్య కారణం. పురుషుల్లో సుమారు 15 శాతం మందికి ఇది ఉంటుంది. సంతానం కలగని మగవారిలో 35-40 శాతం మందిలో కనిపిస్తుంది.

మాత్రతో తీరుతుందా?

యాంటీఆక్సిడెంట్ మాత్రలు వేసుకుంటే సరిపోతుందని చాలామంది ఆశ. అమెరికాలో సంతాన చికిత్సకు సిద్ధమైన 2,370 జంటలపై జరిపిన పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆ మగవారిలో సగం మందికి ఆరు నెలలపాటు ఫోలిక్ యాసిడ్, జింక్ ఇచ్చారు. మిగతావారికి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. బిడ్డ పుట్టింది మొదటి వర్గంలో 34 శాతం జంటలకు, రెండో వర్గంలో 35 శాతం జంటలకు. పైగా మందు వాడినవారిలో డీఎన్‌ఏ ముక్కలవడం కాస్త ఎక్కువగానే తేలింది. విటమిన్ సి, ఇ, సెలీనియం వంటివి కలిపి ఇచ్చిన మరో అమెరికా పరీక్షలోనూ మూడు నెలలకు వీర్యం మెరుగుపడలేదు.

కాబట్టి వెతకాల్సింది కారణాన్ని. ఇన్ఫెక్షన్ ఉంటే దానికి చికిత్స చేయాలి. పొగాకు మానాలి. వేరికోసీల్ చేతికి తెలిసేంతగా ఉండి, వీర్య పరీక్షలోనూ లోపం కనిపిస్తే శస్త్రచికిత్స అవసరమేమో వైద్యులు చూస్తారు.

సంతానలేమి జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణమూ ఉంటుంది. అయినా మన ఇళ్లలో ముందు కోడలినే ఆసుపత్రికి పంపుతారు. ఆమెకు స్కాన్లు, సూదులు మొదలయ్యాక గానీ అబ్బాయి పరీక్ష ఊసెత్తరు. వీర్య పరీక్షకు కోత లేదు, సూది లేదు. తొలిరోజే ఇద్దరూ కలిసి వెళ్తే ఆమెకు ఎన్నో అనవసర పరీక్షలు తప్పుతాయి. వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు పడుతుంది. అందుకే అలవాటు మార్చుకున్నా, చికిత్స తీసుకున్నా ఫలితం చూడటానికి మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోమంటారు.