సర్దార్‌జీ హలీమ్ ఎందుకు తీసుకోలేదు? - సిక్కు ధర్మంతో ఒక పరిచయం

గడ్డపోతారం పారిశ్రామికవాడలో మందుల ఫ్యాక్టరీల గేట్ల ముందు లారీలు బారులు తీరి ఉండటం ఆ దారిన పోయేవారందరూ ఎరిగిన దృశ్యమే. బొల్లారం, ఖాజీపల్లి వైపు నుంచి వచ్చే ఆ లారీల మీద గుజరాత్, మహారాష్ట్ర, పంజాబ్ నంబర్లు కనిపిస్తాయి. సరుకు దించుకోవడానికి లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా డ్రైవర్లు అక్కడే స్టవ్వు వెలిగించి వండుకుంటారు, అక్కడే నిద్రపోతారు.

కొన్ని సంవత్సరాల క్రితం రంజాన్ మాసంలో బంధువులను చూడటానికి నేను అక్కడికి వెళ్లాను. కార్మికులు అద్దెకుండే గదుల ముందు చాపలు పరచి ఇఫ్తార్ ఏర్పాటు చేశారు. ఎదురుగా ఆగి ఉన్న లారీ పక్కన తలపాగా, నెరిసిన గడ్డంతో ఒక సర్దార్‌జీ ఒంటరిగా కూర్చుని ఉన్నారు. మా కుర్రవాడొకడు వెళ్లి ఆయనను గౌరవంగా పిలుచుకు వచ్చాడు. ఆయన చాప అంచున కూర్చున్నారు. అజాన్ అయ్యేదాకా మాతోపాటే వేచి ఉన్నారు. ఖర్జూరాన్ని రెండు చేతులతో అందుకుని తిన్నారు, నీళ్లు తాగారు. హలీమ్ గిన్నె ముందుకు రాగానే మాత్రం చేతులు జోడించి, "మాఫ్ కర్నా భాయీసాబ్, యే మై నహీ లే సక్తా" అన్నారు.

ఆయన వెళ్లిపోయాక ఆ కుర్రవాడి ముఖం చిన్నబోయింది. "మన ఇంటి కూడు తినడానికి ఆయనకు నామోషీ కాబోలు" అన్నాడు. కాదని చెప్పగలిగినవారు మాలో ఒక్కరూ లేకపోయారు. పెద్దవాడినైన నాకూ జవాబు తెలియలేదు. అందుకు నాకు సిగ్గనిపించింది. సిక్కు ధర్మం ఎక్కడో అమృత్‌సర్‌లో ఉండే సంగతి కాదు. పటాన్‌చెరులో జాతీయ రహదారి పట్టుకుని సంగారెడ్డి, సదాశివపేట దాటి జహీరాబాద్ చేరి, అక్కడ బీదర్ రోడ్డులోకి మళ్లితే సుమారు 30 కిలోమీటర్లలో గురు నానక్ పేరిట వెలసిన నానక్ ఝీరా సాహిబ్ ఉంది. ఇన్నేళ్లుగా ఆ దారిన పోతూ కూడా అది ఏమిటని నేను ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు.

ఝీరా అంటే ఊట. గురు నానక్ దక్షిణాది యాత్రలో 16వ శతాబ్ది తొలినాళ్లలో బీదర్‌కు వచ్చారనీ, అప్పటికి అక్కడి ప్రజలు మంచినీళ్లకు కటకటలాడుతున్నారనీ, ఆయన పాదంతో ఒక రాతిని తొలగించగా తియ్యటి నీటి ఊట పుట్టిందనీ సిక్కుల సంప్రదాయం చెబుతుంది. ఎర్రరాతి గుట్ట అడుగున ఆ నీరు నేటికీ పారుతోంది. యాత్రికులు సీసాలలో నింపుకుని తీసుకువెళ్తారు. ఆయన అక్కడ జలాలుద్దీన్, యాఖూబ్ అలీ అనే సూఫీ ఫకీర్లను కలిశారని కూడా ఆ కథలోనే ఉంది. ఆ కథలో చరిత్ర ఎంత, భక్తి ఎంత అన్నది పండితులు తేల్చవలసిన విషయం. నీళ్లు లేని ఊరిలో నీళ్లు దొరికిన జ్ఞాపకంగా సిక్కులు తమ గురువును తలుచుకోవడం మాత్రం నన్ను ఆకట్టుకుంది.

నానక్ 1469లో తల్వండి గ్రామంలో జన్మించారు. నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఆ ఊరిని నన్‌కానా సాహిబ్ అంటారు. హిందూ ఖత్రీ కుటుంబంలో పుట్టిన ఆయన యౌవనంలో సుల్తాన్‌పూర్‌లో దౌలత్ ఖాన్ లోధీ కొలువులో ధాన్యపు కొట్టు లెక్కలు చూశారు. తరువాత దూరదేశాలు తిరిగారు. ఆ యాత్రలలో ఆయన వెన్నంటి ఉన్న సహచరుడు భాయీ మర్దానా అనే ముస్లిం. నానక్ పాడుతుంటే మర్దానా రబాబ్ వాయించేవాడు. చివరి సంవత్సరాలు నానక్ రావీ నది ఒడ్డున కర్తార్‌పూర్‌లో పొలం దున్నుకుంటూ గడిపి 1539లో కన్నుమూశారు. భారత యాత్రికులు వీసా లేకుండానే ఆ క్షేత్రాన్ని దర్శించుకునేందుకు 2019 నవంబర్ 9న కర్తార్‌పూర్ మార్గం తెరుచుకున్నప్పుడు ఆ పేరు మన ఇళ్లలోనూ వినిపించింది.

సిక్కు అనే మాటకు శిష్యుడని అర్థం. దేవుడు ఒక్కడే, ఆయనకు రూపం లేదు, జననమరణాలు లేవు, ఎవరూ ఆయనను సృష్టించలేదు అన్నది ఆ ధర్మానికి పునాది. విగ్రహారాధన లేదు. దేవుడు మనిషిగా అవతరిస్తాడన్న నమ్మకం లేదు. ఇంతవరకు చదివిన పాఠకులకు ఇది మన తౌహీద్‌కు ఎంతో చేరువగా తోచవచ్చు. అయితే అంతమాత్రాన రెండూ ఒకటేనని తేల్చివేయడం సిక్కులకూ న్యాయం కాదు, మనకూ న్యాయం కాదు. వారు కర్మను, పునర్జన్మను విశ్వసిస్తారు. మనం ప్రళయదినాన్ని, పరలోకంలో లెక్క అప్పజెప్పడాన్ని విశ్వసిస్తాము. మనకు దైవప్రవక్త ముహమ్మద్ (స) అంతిమ ప్రవక్త. వారికి మార్గదర్శనం పది మంది గురువుల ద్వారా వచ్చి గ్రంథంలో స్థిరపడింది. తమది హిందూ మతానికో, ఇస్లాంకో శాఖ అంటే వారు ఒప్పుకోరు.

నిత్యజీవితానికి వారు మూడు మాటలు చెప్పుకుంటారు. దైవనామాన్ని స్మరించడం, చెమటోడ్చి నిజాయితీగా సంపాదించడం, సంపాదించినదాన్ని పంచుకుని తినడం. మనం జకాత్‌గా నూటికి రెండున్నర లెక్కగట్టినట్లే వారు దస్వంద్ పేరిట ఆదాయంలో పదోవంతు ధర్మానికి కేటాయిస్తారు. సన్యాసాన్ని వారు మెచ్చుకోరు. సంసారంలో ఉండి కష్టపడేవాడే వారి దృష్టిలో సాధకుడు.

వారి పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్ 1430 పుటలు. అయిదవ గురువు గురు అర్జన్ 1604లో దాని తొలి రూపాన్ని కూర్చారు. ఆ గ్రంథంలో గురువుల వాణి మాత్రమే లేదు. కబీర్, రవిదాస్, మహారాష్ట్రకు చెందిన నామ్‌దేవ్ ఉన్నారు. పాక్‌పట్టన్ సూఫీ షేక్ ఫరీద్ (రహ్మ) ఉన్నారు. ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియా (రహ్మ) ఎవరి వద్ద ముర్షిద్‌గా దీక్ష తీసుకున్నారో ఆ బాబా ఫరీదే ఈయన. ఒక చిష్తీ సూఫీ పంజాబీ పద్యాలు ఇంత భద్రంగా నిలిచింది సిక్కుల చేతుల్లోనే. ప్రతి ఉదయం వేలాది గురుద్వారాలలో ఈ గ్రంథాన్ని భక్తితో తెరుస్తారు. రాత్రి పట్టుబట్టలలో చుట్టి పడుకోబెడతారు. ఇది కూడా విగ్రహపూజే కదా అని మనవాళ్లు కొందరు అడుగుతారు. తాము గౌరవించేది కాగితాన్ని కాదనీ, అందులోని వాక్కుననీ సిక్కుల సమాధానం.

ఇక చరిత్రలో మనం ఇబ్బందిపడే పుటలు ఉన్నాయి. వాటిని దాటవేస్తే ఈ పరిచయానికి అర్థం ఉండదు. గురు అర్జన్‌ను 1606లో లాహోర్‌లో చిత్రహింసలు పెట్టి చంపారు. ఆ శిక్ష తన ఆజ్ఞేనని జహంగీర్ చక్రవర్తి స్వయంగా తన జ్ఞాపకాలలో రాసుకున్నాడు. తొమ్మిదవ గురువు గురు తేగ్ బహదూర్‌ను 1675లో ఔరంగజేబు పాలనలో ఢిల్లీ చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదం చేశారు. అక్కడే నేడు సీస్‌గంజ్ గురుద్వారా ఉంది. కాశ్మీరీ పండితుల మతస్వేచ్ఛ కోసం ఆయన ప్రాణం ఇచ్చారని సిక్కులు చెబుతారు. అంటే తన మతం కాని వారి కోసం. పదవ గురువు గోవింద్ సింగ్ చిన్న కుమారులిద్దరినీ, ఇంకా పదేళ్లయినా నిండని పసివాళ్లను, సర్హింద్ ఫౌజ్‌దార్ వజీర్ ఖాన్ చంపించాడు. ఇవి రాజులు చేసిన పనులు, ఇస్లాం చెప్పినవి కావు అని మనం అంటాము. అది నిజమే. కానీ బిడ్డలను పోగొట్టుకున్న జాతి ముందు ఆ ఒక్క మాట అనేసి లేచిపోవడం మర్యాద కాదు.

ఆ కథను సిక్కులు ఎలా గుర్తుపెట్టుకున్నారో చూడండి. ఆ పసివాళ్ల హత్య అన్యాయమని నిండు దర్బారులో ఎదురు చెప్పిన మాలేర్‌కోట్లా నవాబు షేర్ ముహమ్మద్ ఖాన్‌ను వారు మూడు వందల ఏళ్లుగా కృతజ్ఞతతో తలుచుకుంటున్నారు. 1947లో పంజాబ్ అంతా నెత్తురోడుతున్నప్పుడు మాలేర్‌కోట్లా ముస్లింలు సురక్షితంగా ఉండటానికి ఆ జ్ఞాపకమే కారణమని అక్కడివారి నమ్మకం. 1688లో భంగాణీ యుద్ధంలో పీర్ బుద్ధూ షా తన కుమారులను, మురీదులను గురు గోవింద్ సింగ్ పక్షాన పోరాడేందుకు పంపి, కన్నకొడుకులను పోగొట్టుకున్నాడు. శత్రువులు వెంటాడుతున్నప్పుడు గనీ ఖాన్, నబీ ఖాన్ అనే పఠాన్ సోదరులు గురువును మాచీవాడా నుంచి తప్పించారు. అమృత్‌సర్ హర్మందిర్ సాహిబ్‌కు పునాదిరాయి వేసింది లాహోర్ సూఫీ మియాఁ మీర్ అని చాలామంది సిక్కులు చెప్పుకుంటారు. గాయాన్నీ, మేలునూ రెండింటినీ వారు మరచిపోలేదు.

1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను స్థాపించారు. ధర్మం కోసం తల ఇవ్వగలవారెవరని అడిగినప్పుడు అయిదుగురు లేచారు. వారే పంజ్ ప్యారే. లాహోర్, హస్తినాపురం, పూరీ, ద్వారకల నుంచి ఒక్కొక్కరు. అయిదవ వ్యక్తి సాహిబ్ సింగ్ మన బీదర్‌వాడు, క్షురక కుటుంబంలో పుట్టినవాడు. ఖాల్సా దీక్ష తీసుకున్నవారు అయిదు గుర్తులు ధరిస్తారు. కత్తిరించని జుట్టు, దువ్వెన, ఇనుప కడియం, ప్రత్యేకంగా కుట్టిన లోదుస్తు, కిర్పాన్. కిర్పాన్ ధరించడం వారి మతాచారంలో భాగమని మన రాజ్యాంగం 25వ అధికరణలోనే రాసి ఉంది. పురుషులకు సింగ్, స్త్రీలకు కౌర్ అని పేరు చివర చేరుతుంది.

ఆ రోజు మా ఇఫ్తార్‌లో దొరకని జవాబు కూడా ఈ దీక్షలోనే ఉంది. దీక్ష పొందిన సిక్కుకు నాలుగు పనులు ఖచ్చితంగా నిషిద్ధం. జుట్టు తీయడం, వ్యభిచారం, పొగాకు, ముస్లిం పద్ధతిలో జబహ్ చేసిన మాంసం. చివరిదాన్ని వారు కుఠ్ఠా అంటారు. హలాల్ కానిది మనకు ఎంత నిషిద్ధమో హలాల్ చేసినది వారికి అంత నిషిద్ధం. ఇది వింటే నవ్వు వస్తుంది గానీ, ఖర్జూరం తిని నీళ్లు తాగి హలీమ్ దగ్గర చేతులు జోడించిన ఆ పెద్దమనిషి మమ్మల్ని చిన్నచూపు చూడలేదు. తన ధర్మం ఎక్కడ ఆగమందో అక్కడ ఆగారు, అంతే. రేపు మనం గురుద్వారాకు వెళ్తే వారు కడా ప్రసాద్ ఇస్తారు. గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసే హల్వా అది. తీసుకోవడం గురించి సందేహం ఉన్నవారు ముందే ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవాలి. వద్దనుకుంటే మనమూ అలాగే చేతులు జోడించి చెప్పాలి కదా!

గురు గోవింద్ సింగ్ జీవితం ముగిసింది కూడా మన దక్కన్‌లోనే. ఔరంగజేబు మరణానంతరం వారసత్వ పోరులో ఆయన బహదూర్ షా పక్షం వహించారు, ఆ చక్రవర్తి శిబిరంతోపాటే దక్షిణానికి వచ్చారు. నాందేడ్‌లో ఒక పఠాన్ ఆయనను కత్తితో పొడిచాడు. ఆ గాయంతో 1708 అక్టోబరులో గోదావరి ఒడ్డున కన్నుమూశారు. అంతకు ముందే, ఇక మనిషి గురువు ఉండడనీ, గ్రంథమే గురువనీ ప్రకటించారు. మహారాజా రంజిత్ సింగ్ 1830లలో అక్కడ కట్టించిన హుజూర్ సాహిబ్ సిక్కుల అయిదు తఖ్త్‌లలో ఒకటి. తక్కినవి అమృత్‌సర్ అకాల్ తఖ్త్, ఆనంద్‌పూర్, దమ్‌దమా, పట్నాలు. నాందేడ్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఆ గురుద్వారా నిర్వహణకు చట్టం చేసింది కూడా ఆ ఏడాది హైదరాబాద్ శాసనసభే. నిజామాబాద్, బాసర మీదుగా వెళ్లే రైలెక్కితే మన యాత్రికులకు అది దూరం కాదు.

హైదరాబాద్ సిక్కుల కథ మరొకటి. ఆసఫ్‌జాహీ కొలువులో పెద్ద పదవులు చూసిన చందూలాల్ పంజాబీ ఖత్రీ. ఆయన కాలంలో, 1832 ప్రాంతంలో, పంజాబ్ నుంచి సిక్కు దళం నిజాం సేవకు వచ్చింది. దానినే లాహోరీ ఫౌజ్ అనేవారు. వారు విడిది చేసిన చోట నేటికీ అత్తాపూర్ పక్కన సిక్ ఛావనీ, బరంబలా గురుద్వారా ఉన్నాయి. ఆ సైనికుల సంతతి దక్కనీ సిక్కులుగా స్థిరపడ్డారు. వారు మాట్లాడే దక్కనీ ఉర్దూ వింటే పాతబస్తీ మనిషనే అనుకుంటాము.

అల్పసంఖ్యాకులుగా బతకడంలోని భయం వారికి పుస్తకాలలో చదివినది కాదు. 1984లో ఢిల్లీ వీధులు, 1988లో బీదర్‌లో హత్యకు గురైన సిక్కు విద్యార్థులు వారి ఇళ్లలో మాట్లాడుకునే విషయాలు. అంత జరిగినా ఝీరా సాహిబ్‌లో లంగర్ ఆగలేదు. మతం, కులం అడగకుండా అందరినీ నేల మీద ఒకే వరుసలో కూర్చోబెట్టి భోజనం పెడతారు. లంగర్‌లో మాంసం వండరు. ఎవరి ధర్మానికీ అడ్డు రాకుండా ఉండాలనే. వెళ్లదలచినవారు తల కప్పుకోవాలి, చెప్పులు విడిచి కాళ్లు కడుక్కోవాలి, జేబులో బీడీ, సిగరెట్, గుట్కా ఉంటే బయటే వదిలేయాలి.

గత రంజాన్‌లో మళ్లీ గడ్డపోతారం వెళ్లాను. అవే గదులు, అవే చాపలు. ఆ కుర్రవాడు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తండ్రి. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, శనగ గుగ్గిళ్లు వేరే పళ్లెంలో సర్ది, హలీమ్ డేగిశా తగలకుండా దూరంగా పెట్టాడు. అజాన్‌కు ముందే దానిని తీసుకుని లారీల వరుస వైపు నడిచాడు. "ఇందులో మాంసం లేదు సర్దార్‌జీ, గరిటె కూడా వేరే" అనడం నాకు ఇక్కడిదాకా వినిపించింది.