కల్లెడ నుండి పారిస్‌కు

వరంగల్ జిల్లా కల్లెడలో జన్మించిన జీవాంజి దీప్తిని మేధోవైకల్యం కారణంగా గ్రామంలో కొందరు పరిహసించారు. అనాథాశ్రమానికి అప్పగించమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. నిరుపేదలైన ఆ దంపతులు అందుకు సమ్మతించలేదు. ఆమె వేగాన్ని గమనించిన శిక్షకుడు నాగపురి రమేశ్ హైదరాబాదులో శిక్షణ ఇప్పించారు.

ఆమె పరుగెత్తే విభాగం పేరు టీ20. దీనికీ క్రికెట్టుకూ సంబంధం లేదు. ఇది మేధోవైకల్యం గల అథ్లెట్లకు నిర్దేశించిన తరగతి. 2024 మే నెలలో జపానులోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో 400 మీటర్ల దూరాన్ని 55.07 సెకన్లలో ముగించి, దీప్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్య పతకం సాధించింది. అక్కడ స్వర్ణ విజేత తీసుకొన్న సమయం 55.16 సెకన్లు. కోబే వేగమే పునరావృతమై ఉంటే స్వర్ణం ఆమెదే!

పారిస్‌కు పూర్వమే, ఇల్లు గడవక అమ్ముకొన్న పొలాన్ని ఆమె బహుమతి ధనంతో ఆ కుటుంబం తిరిగి కొనుగోలు చేసింది.