డేల్ అనుభవ శంకువు – ప్రక్షిప్త సంఖ్యలు

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో ఎడ్గర్ డేల్ పేరు విననివారు తక్కువ. బోధనోపకరణములను గూర్చిన అధ్యాయము తెరచినంతనే ఆయన ‘అనుభవ శంకువు’ కనబడును. పెక్కు పుస్తకములలో ఆ పటము ప్రక్కన కొన్ని అంకెలు కూడ నుండును. మానవుడు చదివినదానిలో నూటికి 10 పాళ్లు, విన్నదానిలో 20, చూచినదానిలో 30, చూచి విన్నదానిలో 50, తాను చెప్పినదానిలో 70, చెప్పుచు చేసినదానిలో 90 పాళ్లు జ్ఞప్తియందుంచుకొనునని ఆ అంకెల తాత్పర్యము. అనుభవము ద్వారా నేర్చుకొనుటను గూర్చిన సిద్ధాంత వ్యాసములలో ఈ వాక్యము తరచుగా మొదటి అధ్యాయముననే ప్రత్యక్షమగుచుండును. దానికి ఆధారముగా ‘డేల్, 1946’ అని సూచికయు నుండును.

ఆ పటము డేల్‌ది. ఆ అంకెలు డేల్‌వి కావు. అంతేకాదు, అవి ఏ ప్రయోగమునుండియు పుట్టినవి కావు. ఈ వ్యాసమున మేము నిరూపింపదలచినది ఇదియే. తెలుగు శాఖవారి పత్రికలో విద్యాశాస్త్ర చర్చ యేల యని చదువరులు శంకింపవచ్చును. మూలమునకును ప్రక్షిప్తమునకును గల భేదమును నిర్ణయించుట మన శాఖ నిత్యము చేయు పని. మరియు, పఠనమునకు నూటికి పది పాళ్లే విలువ కట్టిన ఆ లెక్క నిజమైనచో, కావ్యములు చదివించుట వృత్తిగా గల మనము ఆ వృత్తిని గూర్చియే తిరిగి ఆలోచింపవలసి యుండును.

ముందుగా మాతృకను చూతము. డేల్ (1900–1985) అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. ఆయన రచించిన ‘ఆడియో విజువల్ మెథడ్స్ ఇన్ టీచింగ్’ అను గ్రంథము 1946లో వెలువడెను. శంకువు అందే కనబడుచున్నది. దాని పీఠమున ప్రత్యక్షముగా, ప్రయోజనము నుద్దేశించి చేయు పనుల అనుభవము కలదు. దానిపైన నమూనాలవంటి కల్పితానుభవములు, ఆపైన నాటకమున పాల్గొనుట, ప్రదర్శించి చూపుట, క్షేత్ర పర్యటనము, వస్తుప్రదర్శనము, చలనచిత్రము, ఆపిదప రేడియో, ధ్వనిముద్రణములు, నిశ్చల చిత్రములు, రేఖాచిత్రములవంటి దృశ్య చిహ్నములు వరుసగా నున్నవి. కొనయందున్నవి శబ్దములు. ఇంతియే. ఒక్క అంకెయు అందు లేదు.

ఈ వరుస యోగ్యతా క్రమము కాదు. మూర్తమునుండి అమూర్తమునకు పోవు క్రమము. పీఠమున నున్నది మేలైనది, కొనయందున్నది కీడైనది అని డేల్ చెప్పలేదు. ప్రతి పాఠమును పీఠమునుండి ఆరంభించి మెట్టు మెట్టుగా నెక్కవలెననియు చెప్పలేదు. పటమును యాంత్రికముగా గ్రహింపవలదని ఆయనయే హెచ్చరించెను. గ్రంథము 1954లో రెండవసారి, 1969లో మూడవసారి సంస్కరింపబడినది. శంకువున టెలివిజను చేరినది ఈ సంస్కరణములలోనే. మూడవ కూర్పున డేల్ తన శంకువును జెరోమ్ బ్రూనర్ చెప్పిన మూడు విధములతో, అనగా చేతతో, చిత్రముతో, చిహ్నముతో తెలిసికొనుటతో సమన్వయించెను. ఇవి గ్రంథకర్త స్వయముగా చేసిన మార్పులు. కూర్పుల భేదము తెలుపక ఊరక ‘డేల్’ అని వ్రాయుట మన శాఖలోనైనచో పరీక్షకులు సహింపరు.

ఇక అంకెల చరిత్ర. 1967లో డి. జి. ట్రైక్లర్ అను నతడు దృశ్యశ్రవణ పరికరములకు సంబంధించిన యొక వ్యాపార పత్రికలో పైన చెప్పిన అంకెలను ప్రకటించెను. అతడు మొబిల్ చమురు సంస్థలో ఉద్యోగి. ఆధార మేమియు చూపలేదు. అటుపిమ్మట ఎవరో ఆ అంకెలను డేల్ శంకువుపై నతికించిరి. మరియొక శాఖలో ఇవియే కొంచెము మారి ‘అభ్యసన పిరమిడ్’ అను పేర చెల్లుబాటైనవి. దానికి మూలముగా చెప్పబడుచున్నది మెయిన్ రాష్ట్రమున బెథెల్ అను నూరిలో శిక్షణ శిబిరములు నడపిన నేషనల్ ట్రైనింగ్ లాబరేటరీస్ అను సంస్థ. ఆధారములు చూపుడని అడిగినవారికి, మూల పరిశోధన తమ యొద్ద లేదనియు, వెదకినను దొరకుట లేదనియు ఆ సంస్థవారు బదులు చెప్పిరి.

ఈ రెండు పాఠములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటిదానిలో చదివినది 10, విన్నది 20. అనగా వినుట చదువుటకంటె మేలు. రెండవదానిలో ఉపన్యాసము 5, పఠనము 10. అనగా చదువుట వినుటకంటె మేలు. రెండును ఒకే పరిశోధన పేర చెలామణి యగుచున్నవి! ప్రతులలో ఇట్టి విరోధము కనబడినపుడు మన పరిష్కర్తలు రెండు పాఠములను సమానముగా సంశయింతురు.

అమెరికాలో మైకేల్ మోలెండా, విల్ థాల్‌హైమర్ మొదలగువారు ఈ కూపీని చిరకాలము లాగిరి. 2014లో ‘ఎడ్యుకేషనల్ టెక్నాలజీ’ పత్రిక ఈ వికృతి చరిత్రకే యొక ప్రత్యేక సంచికను కేటాయించెను. 2018లో నార్వే పరిశోధకులైన లెట్రుడ్, హెర్నెస్ మరింత వెనుకకు పోయి, ఇట్టి పట్టికలు నూటయరువది యేండ్లకు పైగా విద్యా చర్చలలో సంచరించుచున్నవని చూపిరి. అనగా ఇది ఒక లేఖకుని ప్రమాదము కాదు. చాటువువలె కర్త లేక తిరుగుచు, కనబడిన పెద్దపేరును ఆశ్రయించిన వాక్యము. వేమన మకుటము తగిలించిన ప్రతి ఆటవెలదియు వేమనది కానట్లే, డేల్ పేరు తగిలించిన ప్రతి అంకెయు డేల్‌ది కాదు.

కొందరు మరియొక అడుగు ముందుకు వేసి, 1989లో మిషెలీన్ చీ మొదలగువారు ప్రకటించిన వ్యాసమును ఈ అంకెలకు ఆధారముగా చూపిరి. ఆ వ్యాసము భౌతికశాస్త్రపు లెక్కల మాదిరి సాధనలను విద్యార్థులు తమకు తామే వివరించుకొను తీరును పరిశీలించినది. ఈ పట్టిక అందు లేదు. అడిగినపుడు ఆమెయు ఆ పటమును తాను గుర్తింపజాలనని చెప్పెను. సూచిక యున్నది, సూచింపబడినది లేదు. దీనికంటె శోచనీయమైన స్థితి పరిశోధనకు మరొకటి లేదని మా యభిప్రాయము.

బాహ్య సాక్ష్యము అటుండనిండు, అంతస్సాక్ష్యము చాలును. నిజమైన కొలతలు పది, ఇరువది, ముప్పది యని బారులు తీరి నిలువవు. 1885లో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థరహితమైన అక్షర సముదాయములను తానే వల్లించి, మరల నేర్చుకొనుటలో ఎంత శ్రమ మిగిలినదో కొలిచెను. సుమారు ఇరువది నిమిషముల పిదప నూటికి 58.2, ఒక గంట పిదప 44.2, ఒక దినము పిదప 33.7, ముప్పదియొక్క దినముల పిదప 21.1. ఎంత వంకరగా నున్నవో చూడుడు. ప్రతి అంకెకును కాలము కలదు, కొలిచిన వస్తువు కలదు, కొలిచిన విధానము కలదు. ‘చదివినదానిలో పది పాళ్లు’ అనునపుడు చదివిన దేమి, ఎవరు చదివిరి, ఎంత కాలమునకు పరీక్షించిరి, పది పాళ్లనగా పదములా, భావములా? అడుగుటకు చోటే లేదు.

కాలము మారినచో తారతమ్యమే తలక్రిందులగునని 2006లో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు చూపిరి. ఒక గద్యభాగమును నాలుగుసార్లు చదివిన విద్యార్థులు ఐదు నిమిషములకు నూటికి 83 పాళ్లు, ఒకసారి చదివి మూడుసార్లు చూడక వ్రాసినవారు 71 పాళ్లు అప్పగించిరి. వారము గడచిన పిదప మొదటివారు 40, రెండవవారు 61. ఇరువురును చేసినది పఠనమే, పాఠము ఒక్కటే. చదివిన పాఠమును పుస్తకము మూసి అప్పగింపించు మన వీథిబడి పంతులు ఈ ఫలితమునకు ఆశ్చర్యపడడు.

ఇందొక వైచిత్రి కలదు. పఠనమును తక్కువ చేయు వాక్యమునకు కర్తగా నిలుపబడిన డేల్ జీవితమెల్ల పఠనమును గూర్చియే పరిశ్రమించినవాడు. జీన్ చాల్‌తో కలిసి 1948లో ఆయన ప్రకటించిన పఠనీయతా సూత్రము ప్రసిద్ధము. నాలుగవ తరగతి బాలురకు తెలిసిన సుమారు 3,000 పదముల జాబితాను, వాక్య దైర్ఘ్యమును ఆధారముగా గొని గ్రంథము ఏ తరగతివారికి తగునో నిర్ణయించు సాధన మది. అట్టివానిని అక్షరద్వేషిగా చిత్రించుట అన్యాయము.

డేల్ భయపడినది పఠనమునకు కాదు, అర్థము లేని శబ్దమునకు. నేటి పట్టణపు బాలుడు పాఠమున ‘ఏతము’ అను మాట చదువును. ‘నీరు తోడు సాధనము’ అని అర్థమును వల్లించును. మెట్టుపై నడచు మనిషి, క్రిందికి వంగు దూలము, పైకి వచ్చు బాన అతని మనస్సున ఏమియు లేవు. ‘కపిలె’ అన్నను అంతే. ఇట్టిచోట చిత్రమో, నమూనాయో, సాధ్యమైనచో చూచిన వృద్ధుని మాటయో కావలెను. శంకువు చెప్పునది ఇది. ఒకసారి అర్థమైన పిదప ఆ మాటయే చాలును. ప్రతిసారి ఎడ్లను తెచ్చి మోట తోలింప నక్కరలేదు. ఛందస్సును చూడుడు. గురులఘువులు గుర్తించి తానే గణవిభజన చేయనివానికి లక్షణము కంఠస్థమైనను ఉత్పలమాల చిక్కదు. కాని పద్యములు చదువనివాడు విభజించుట కేమి మిగులును?

అంకెలు అబద్ధమైనంత మాత్రమున అనుభవాత్మక బోధన అబద్ధము కాదు. 2014లో స్కాట్ ఫ్రీమన్ మొదలగువారు కళాశాలలలో విజ్ఞాన, సాంకేతిక, గణిత బోధనపై జరిగిన 225 అధ్యయనములను క్రోడీకరించిరి. విద్యార్థులు తామే చర్చించుచు, సాధించుచు నేర్చుకొను తరగతులలో పరీక్షా ఫలితములు సగటున నూటికి ఆరు పాళ్లు మెరుగు. కేవలోపన్యాస తరగతులలో పరీక్ష తప్పువారి పాలు ఒకటిన్నర రెట్లు. ‘ఆరు’ అను అంకెకు ‘తొంబది’కి గల ఆకర్షణ లేదు. అయినను అది కొలిచి తెచ్చినది. అది విజ్ఞానశాస్త్ర తరగతులకు సంబంధించినది; దానిని ప్రబంధ పాఠమునకు ఉన్నదున్నట్లు తగిలించినచో మనమును ట్రైక్లర్ త్రోవనే త్రొక్కినవారమగుదుము. జాన్ డ్యూయీ 1938లోనే అనుభవములన్నియు సమానముగా విద్యాప్రదములు కావని హెచ్చరించి యుండెను. అనుభవాత్మక విద్య పేర వ్రాయువారు ఆయనను స్మరించుటయే కాని ఈ హెచ్చరికను స్మరించుట తక్కువ.

ఒక మౌఖిక పరీక్షలో మేము పరిశోధక విద్యార్థి నొకనిని ఈ అంకెల మూల మడిగితిమి. ‘అన్ని పుస్తకములలో నున్నది కదా’ అని అతడు వినయముగనే బదులు చెప్పెను. తప్పు అతని యొక్కనిదే కాదు; అతనికి పాఠము చెప్పినవారును అన్ని పుస్తకములలోనే చూచిరి. ఒక ప్రతిని చూచి వ్రాసిన పది ప్రతులు పది సాక్ష్యములు కావు, ఒక్కటే సాక్ష్యము. పుణ్యపత్తనమున భండార్కర్ సంస్థవారు 1919 మొదలు 1966 వరకు మహాభారత సంశోధనము నెరపినపుడు ప్రతులను లెక్కించుటతో తృప్తిపడక వంశములుగా విభజించినది ఇందుకే. ముద్రిత గ్రంథములకును వంశవృక్షములు కలవు.

కావున శంకువును పేర్కొనువారు ఏ కూర్పునుండి గ్రహించిరో సంవత్సరముతో తెలుపవలెను. పటమును గ్రంథమున స్వయముగా చూడనిచో ఎవరి ద్వారా గ్రహించిరో ఆ పేరే వ్రాయవలెను. అంకెలను విడిచిపెట్టవలెను. విమర్శకై ఉదాహరింపవలసి వచ్చినచో 1967 నాటి ప్రకటనముగా, నిరాధారముగా ఉదాహరింపవలెను. ఈ అంకెలు తెలుగులోనికి మొదట ఏ శిక్షణ గ్రంథము ద్వారా ప్రవేశించినవో, ఏ అనువాదమున ‘జ్ఞప్తియందుంచుకొనుట’ కాస్త ‘నేర్చుకొనుట’గా మారినదో, కూర్పు వెంబడి కూర్పు తెరచి చూచుట ఒక విద్యార్థికి రెండేండ్ల పని. అట్టి విద్యార్థి ముందునకు వచ్చినచో విద్యాశాస్త్ర శాఖయు మన శాఖయు కలిసి పర్యవేక్షింపవచ్చును.